సమస్య: “నడక మానినపుడె నడక సాగె”

నిర్వాహకులు: ఇది సమస్యాపూరణం. ఇచ్చినది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం. న–న యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం జత కుదరడం) అందులోనే ఉంది, పై మూడు పాదాలే మీ వంతు. సందర్భం కూడా ఇచ్చేస్తున్నాను: ఒకే ఆఫీసులో పనిచేసి రిటైరైన నలుగురు ఆదివారం పొద్దున్నే ట్యాంక్‌బండ్ మీద ఈ చివర నుంచి ఆ చివరికి తీరిగ్గా నడుద్దామని బయల్దేరారు. 1986లో నిలిపిన కవుల, ఇతర మహనీయుల విగ్రహాల వరుస ఒకవైపు, నీళ్ల మధ్య బుద్ధుడు. టీ దగ్గర ఒకసారి, మొక్కజొన్న కంకికి నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్దించుకోడానికి ఒకసారి ఆగుతారు. ఇక పూరించండి.

నల్లకుంట అన్నయ్య:
పాత మిత్రు లెల్ల బండుపైఁ గలియంగ
కాలు నిలిచి, నోరు కదలె నపుడు
కబురు లెన్నొ వచ్చి కలిసి ముందుకుఁ బోవ
నడక మానినపుడె నడక సాగె

నిర్వాహకులు: కాళ్ల నడక ఆగి కబుర్ల నడక సాగిందన్నమాట. అందరికీ మొదట తట్టేది ఇదే. “కాలు నిలిచి, నోరు కదలె” మాత్రం భలే. అయితే ఆ పాదం చివరి “అపుడు” గణం (పాదంలో లెక్క ప్రకారం రావలసిన అక్షరాల గుంపు) నింపడానికే వచ్చింది. సమస్యలో “అపుడె” ఉండనే ఉంది కదా. “కదలె వేగ” అనండి.

గుంటూరు అక్కయ్య:
వేమనార్యు నెదుట వేడ్కతో నిలుచుండి
ఆటవెలది యొకటి యందుకొనిరి
గణము గణము కలిసి కదలంగఁ బాదమై
నడక మానినపుడె నడక సాగె

నిర్వాహకులు: ఇది నాకు బాగా నచ్చింది. వేమన విగ్రహం ముందు కాళ్లాగితే ఆయన ఛందస్సే నడిచింది, అదీ “పాదమై”! ఒక్కటే లోటు, నిలుచున్నది ఎవరో చెప్పలేదు. “వేమనార్యు నెదుట వృద్ధమిత్రులు నిల్చి” అంటే కర్త దొరుకుతాడు. ఋకారానికి ఏత్వంతో మైత్రి ఉంది, వే–వృ యతి చెల్లుతుంది.

నల్లకుంట అన్నయ్య: యతి చెల్లినా “వృద్ధ” చెల్లదండీ! మా బ్యాచ్‌లో ఎవరూ ఒప్పుకోరు.

డాలస్ తమ్ముడు: కొత్తవాణ్ణి, తప్పులుంటే చెప్పండి.
ఫైళ్ళ చుట్టు తిరిగి బతుకెల్ల గడిచెను
పదవి వీడినాము, భార మూడె
నేడు స్నేహితులను కూడి తిరుగుచుంటి
నడక మానినపుడె నడక సాగె

గుంటూరు అక్కయ్య: ఆఫీసు నడక మానాకే అసలు నడక మొదలైందనడం బాగుంది తమ్ముడూ. ఫై–బ యతి సరే. మూడో పాదంలో నే–కూ కుదరదు. పైగా రెండో పాదంలో “వీడినాము” అని, ఇక్కడ “తిరుగుచుంటి” అన్నావు, మనం నేనైపోయింది. “నేడు హితులఁ గూడి నెమ్మదిఁ దిరుగంగ” అని చూడు. రెండు దోషాలూ పోతాయి, తీరిక కూడా పద్యంలోకి వస్తుంది.

డాలస్ తమ్ముడు: మార్చుకున్నానక్కా. ఇంకో సందేహం. “పదవి వీడినాము” అంటే మంత్రులేమో అనుకోరూ?

నిర్వాహకులు: అనుకుంటారు. “కొలువు వీడినాము, గోడు తీరె” అనవచ్చు. గణాలు సరి, కొ–గో యతి సరి.

గుంటూరు అక్కయ్య: ఇంట్లోవాళ్ల గోడు అప్పుడే మొదలైంది. దానికి వేరే సమస్య ఇవ్వండి.