ఇన్నాళ్లూ జరిగింది కాబట్టి రేపూ జరుగుతుందని ఎలా చెప్పగలం?

తార్కికుడు:
1739లో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ లేవనెత్తిన ప్రశ్నకి ఇప్పటికీ సరైన జవాబు లేదని నా వాదన. నిప్పు ముట్టుకుంటే కాలుతుందని ఎలా తెలుసు? ఇంతవరకూ కాలింది కాబట్టి. ఇంతవరకూ జరిగినట్టే ఇకముందూ జరుగుతుందని ఎలా తెలుసు? ఇంతవరకూ అలాగే జరుగుతూ వచ్చింది కాబట్టి. ఏది రుజువు చేయాలో దాన్నే ఆధారంగా చూపిస్తున్నాం. అలాంటప్పుడు సైన్స్ చెప్పే భవిష్యత్తుకీ ఒట్టి నమ్మకానికీ తేడా ఎక్కడుంది?

పాఠకురాలు:
తత్వవేత్త కార్ల్ పాపర్ 1934లోనే దారి చూపించాడు కదండీ. సైన్స్ ఏ సూత్రాన్నీ రుజువు చేయదు. తప్పని తేల్చడానికి ప్రయత్నిస్తుంది, తేలనిదాన్ని ప్రస్తుతానికి ఉంచుకుంటుంది. ఆగమన పద్ధతి (ఇండక్షన్), అంటే జరిగినవాటిని బట్టి జరగబోయేది తేల్చడం, అవసరమే లేదు.

తార్కికుడు:
నిన్నటి పరీక్షలకి నిలిచిన సూత్రాన్ని నమ్ముకుని రేపు వంతెన కట్టొచ్చని ఎవరు చెప్పారు? పంపేసిన ఇండక్షన్ పెరటి గుమ్మంలోంచి మళ్లీ వచ్చేసింది.

ఆకాశదర్శి:
పాపర్ దగ్గర ఆ చిక్కు వీడలేదు, నిజమే. కానీ ‘ఒట్టి నమ్మకం’ అంటే మాత్రం ఒప్పుకోలేను.

యురేనస్ లెక్క ప్రకారం నడవడం లేదని తేలినప్పుడు న్యూటన్ సూత్రాన్నే అనుమానించి ఉండొచ్చు. ఫ్రెంచి ఖగోళవేత్త లెవెరియే అనుమానించలేదు. కనిపించని గ్రహం ఏదో దాన్ని లాగుతోందని, అది ఎక్కడుండాలో కాగితం మీద లెక్కగట్టాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో ఖగోళవేత్త గాలే టెలిస్కోపులో కనిపించిన చుక్కల్ని ఒక్కొక్కటే చెబుతుంటే, పక్కన ఆయన సహాయకుడు దారెస్ట్ నక్షత్రపటంలో సరిచూస్తూ వచ్చాడు. ఒక చుక్క పటంలో లేదు. లెక్క చెప్పిన చోటికి ఒక్క డిగ్రీ లోపే ఉంది. అదే నెప్ట్యూన్.

బుధుడి కక్ష్యలో తేడా కనిపించినప్పుడూ లెవెరియే అదే పద్ధతి వాడి, సూర్యుడికి దగ్గరగా ఏదో ఉండాలని 1859లో చెప్పాడు. వల్కన్ అని పేరు కూడా పెట్టారు. ఏళ్ల తరబడి వెతికినా దొరకలేదు. శతాబ్దానికి 43 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) ఆ తేడాకి కారణం గ్రహం కాదని 1915లో ఐన్‌స్టైన్ లెక్క తేల్చింది. ఈసారి మారాల్సింది సూత్రమే.

తార్కికుడు:
ఇది నా వాదనకే బలం. ఒకే మనిషి, ఒకే పద్ధతి; ఒకటి ఫలించింది, ఒకటి లేదు. ఏది ఫలిస్తుందో ముందే చెప్పే గుర్తు ఏముంది?

ఆకాశదర్శి:
ముందే చెప్పే గుర్తు లేదు. పొగను చూసి నిప్పుందనుకోవడాన్ని కంటికి కనిపించిందే నమ్మాలనే చార్వాకులు కూడా ఇలాగే ప్రశ్నించారు. పొగ కావలసినప్పుడు నువ్వే నిప్పు రాజేస్తావు కదా, నీ మాటకి నీ చేతే విరుద్ధం, ఇక ఆ శంక ఎక్కడ నిలుస్తుందని న్యాయశాస్త్ర పండితుడు ఉదయనుడి జవాబు. నాకు అది బలంగానే అనిపిస్తుంది.

పాఠకురాలు:
12వ శతాబ్దంలో వేదాంతి శ్రీహర్షుడు ఆ జవాబునే తిప్పికొట్టాడండీ. మాటకీ చేతకీ వైరుధ్యం ఉందనాలన్నా ముందు శంక ఉండాలి కదా, మరి వైరుధ్యం శంకని ఎలా ఆపుతుందని ఆయన ప్రశ్న.

ఆకాశదర్శి:
ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కానీ తార్కికుడు గారు అడిగింది తేడా గురించి. లెవెరియే ఆకాశంలో ఒక చోటు చూపించి, అక్కడ లేకపోతే తన మాట తప్పని తేలిపోయేలా చెప్పాడు. వల్కన్ విషయంలో తేలింది కూడా. ఒట్టి నమ్మకం ఉన్నవాళ్లు తమ మాట ఎక్కడ తప్పాలో ముందే చెబుతారా?

తార్కికుడు:
చెప్పరు. ‘ఒట్టి’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. హ్యూమ్ ప్రశ్నని మాత్రం కాదు.