పేగులోని రెగ్యులేటరీ టి కణాల లెక్క విడతకో రకంగా వస్తోంది: పోస్ట్‌డాక్ కాలాన్ని దేని మీద పెట్టాలి?

ప్రశ్న

బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ పూర్తిచేసి ఇటీవలే ఒక ఇమ్యునాలజీ ప్రయోగశాలలో పోస్ట్‌డాక్‌గా చేరాను. ఇన్నాళ్లూ శుద్ధిచేసిన ప్రొటీన్లతోనే పనిచేసిన నాకు, ఎలుకల ప్లీహం నుంచి, పెద్దపేగు నుంచి కణాలను వేరుచేసి ఫ్లో సైటోమీటర్‌లో (రంగు యాంటీబాడీలు అంటించిన కణాలను ఒక్కొక్కటిగా చూసి లెక్కించే యంత్రం) చూడటం కొత్త. ఒక జన్యువును తొలగించిన ఎలుకల్లో రెగ్యులేటరీ టి కణాలు (రోగనిరోధక స్పందనను అదుపులో ఉంచే టి కణాలు) తగ్గుతాయా అన్నది మా ప్రశ్న. ప్లీహంలో ఫలితం నిలకడగానే ఉంది కానీ, పేగులో మాత్రం ఒక విడతలో స్పష్టంగా కనిపించిన తేడా మరుసటి విడతలో కనిపించడం లేదు. మరిన్ని ఎలుకలతో మళ్లీ చేయమని మా ల్యాబ్ అధిపతి అంటున్నారు. నా ఒప్పందం రెండేళ్లకే కాబట్టి, దీన్ని పక్కన ఉంచి రెండో ప్రాజెక్టు మొదలుపెట్టడం మంచిదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1

ఎలుకల సంఖ్య పెంచేముందు ఆ తేడా ఎక్కడ పుడుతోందో తేల్చుకోండి. రెగ్యులేటరీ టి కణాలను గుర్తుపట్టేందుకు వాడే ఫాక్స్‌పి3 కణ కేంద్రకంలో ఉండే ప్రొటీన్ కనుక, కణాలను ఫిక్స్ చేసి (రసాయనంతో ఉన్నవి ఉన్నట్టు స్థిరపరచి) పొరలను సడలించిన తరువాతే యాంటీబాడీ దాన్ని చేరగలదు. పేగు కణజాలాన్ని ఎంజైముతో కరిగించే దశలో చాలా కణాలు చనిపోతాయి, చనిపోయిన కణాలు దొరికిన యాంటీబాడీనల్లా పట్టుకుంటాయి. అందుచేత ఫిక్సేషన్‌ను తట్టుకునే వయబిలిటీ డైని (చనిపోయిన కణాలను వేరుగా చూపే రంగును) ఫిక్స్ చేయకముందే వేయాలి. చనిపోయిన కణాలకు మామూలుగా వాడే ప్రొపిడియం అయొడైడ్ రంగు ఈ పనికి రాదు. తక్కిన రంగులన్నీ వేసి ఫాక్స్‌పి3 యాంటీబాడీని మాత్రం వదిలేసిన గొట్టం ఒకటి ప్రతి విడతలోనూ, అదీ పేగు కణాలతోనే, ఉండాలి. ప్లీహం కణాలతో గీసిన గేటును (ఏ కణాలను లెక్కలోకి తీసుకోవాలో చెప్పే హద్దును) పేగు కణాలకు వాడితే, పేగు కణాలకు సహజంగా ఉండే వెలుగు కూడా సంకేతంలా కనబడుతుంది.

ఇంకొక మాట. మీరు చూస్తున్నది సీడీ4 కణాల్లో (రెగ్యులేటరీ కణాలు కూడా భాగమైన టి కణాల వర్గం) శాతమా, మొత్తం కణాల సంఖ్యా? వాపు వల్ల తక్కిన సీడీ4 కణాలు పెరిగినా రెగ్యులేటరీ కణాల శాతం తగ్గుతుంది, సంఖ్య మాత్రం అలాగే ఉండవచ్చు. ఈ రెండింటికీ అర్థం పూర్తిగా వేరు.

సమాధానం 2

పై సమాధానంతో ఏకీభవిస్తాను. కాని ప్లీహంలో నిలకడ, పేగులో ఊగిసలాట అన్న వివరం చూడగానే నా అనుమానం పంజరాల మీదికి వెళ్లింది. పెద్దపేగులోని రెగ్యులేటరీ టి కణాల్లో చాలాభాగం అక్కడి బాక్టీరియాను బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. క్లాస్ట్రీడియా జాతులు వాటిని పెంచుతాయని 2011లో చూపించారు. అంతకు ముందు, 2009లో, ఒకే వంశానికి చెందిన ఎలుకలైనా వేర్వేరు సరఫరాదారుల నుంచి వచ్చినప్పుడు వాటి పేగుల్లో టిహెచ్17 కణాలు (వాపును పెంచగల మరో రకం టి కణాలు) వేర్వేరుగా ఉండటానికి ఒక తంతువు ఆకారపు బాక్టీరియా కారణమని తేలింది.

ఎలుకలు ఒకదాని మలం మరొకటి తింటాయి కనుక ఒకే పంజరంలోని వాటి బాక్టీరియా కలిసిపోతుంది, వేర్వేరు పంజరాల్లో పెరిగితే విడిపోతుంది. హెటెరోజైగస్ (ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి మాత్రమే తొలగిన) జంటలకు ఒకే కాన్పులో పుట్టిన పిల్లలను, రెండు జన్యురూపాలవాటినీ, పాలు మాన్పించాక కూడా కలిపే పెంచి పోల్చండి. పంజరం తేడాను జన్యువు తేడాగా చదువుతున్నంతకాలం ఎన్ని ఎలుకలు వాడినా స్పష్టత రాదు, అన్ని ప్రాణాలు వ్యర్థంగా పోతాయి. ఈ విషయం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది.

సమాధానం 3

రెండో ప్రాజెక్టు గురించి. అదే కణాలతో, అదే పద్ధతులతో జవాబు దొరికే చిన్న ప్రశ్నయితే తీసుకోండి. కొత్త ఎలుక వంశాన్ని పెంచాల్సిన పనైతే మీ గడువులో సాధ్యం కాదు. వెళ్లేటప్పుడు ఏ ప్రశ్నను మీ సొంత పరిశోధనగా వెంట తీసుకువెళ్లవచ్చో మీ అధిపతితో ఇప్పుడే మాట్లాడి, ఒప్పుకున్నది ఈమెయిల్‌లో రాసి ఉంచుకోండి. చివరి నెలల్లో ఆ సంభాషణ ఇద్దరికీ కష్టమవుతుంది.

ఈ రంగం ముందుకు వచ్చిన తీరు కూడా గమనించండి. అణచివేసే టి కణాలన్న భావనను చాలామంది వదిలేసిన కాలంలో, షిమోన్ సకాగుచి 1995లో కణాల మీద ఉండే సీడీ25 అనే ప్రొటీన్ గుర్తుతో వాటిని చూపించారు. స్కర్ఫీ అనే ఎలుకల వంశంలో రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడిచేసే జబ్బుకు ఫాక్స్‌పి3 జన్యువులోని మార్పే కారణమని మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001లో ప్రకటించారు. ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చింది. బ్రంకో, రామ్స్‌డెల్ ఆ పని చేసింది ఒక బయోటెక్ సంస్థలో. కాబట్టి విశ్వవిద్యాలయ ఉద్యోగం ఒక్కటే దారి అనుకుని మీ రెండేళ్లను ప్రణాళిక చేసుకోకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా దగ్గర పాలు మాన్పించాక జన్యురూపాన్ని బట్టి పంజరాలు వేరుచేస్తున్నారు. పాత ఫలితాలను పంజరాల వారీగా మళ్లీ విడదీసి చూసి, ఆ గ్రాఫుతోనే మా అధిపతితో మాట్లాడతాను. అప్పటివరకు కొత్త విడత మొదలుపెట్టను.