ఇంగ్లీషు వ్యాకరణ దిద్దుబాట్లు: ఏవి నియమాలు, ఏవి అభిరుచులు?

ప్రశ్న

మా సంస్థ వినియోగదారులకు పంపే ఇంగ్లీషు ఉత్తరాలు రాయడం నా పని. వాటిని చివరగా పరిశీలించే సీనియర్ సహోద్యోగి ప్రతి మాటా శ్రద్ధగా చదువుతారు. అయితే ఆయన దిద్దేవి దాదాపు ఎప్పుడూ నాలుగు విషయాలే: ‘టు’కూ క్రియకూ మధ్య మరో మాట రాకూడదు, వాక్యం ప్రిపోజిషన్‌తో (‘టు’, ‘ఆఫ్’ వంటి మాటతో) ముగియకూడదు, లెక్కపెట్టగలిగిన వాటికి ‘లెస్’ వాడకూడదు, వాక్యం ‘బట్’తో మొదలు కాకూడదు. ఈ మధ్య నేను ‘వి హ్యావ్ అగ్రీడ్ టు ఫుల్లీ రీఫండ్ ద ఎమౌంట్’ అని రాస్తే, దానిని ‘అగ్రీడ్ ఫుల్లీ టు రీఫండ్’ అని మార్చారు. అదే పేజీలో మరో విభాగం పంపిన అరవై మాటల వాక్యం ఒకటి ఉంది. ఎవరు, ఏ పత్రాన్ని, ఎప్పటిలోగా సమర్పించాలో అందులో ఎక్కడా తేలదు. అది మాత్రం ఒక్క అక్షరం మారకుండా వెళ్లిపోయింది, ఆ తర్వాత ఫోన్ చేసిన వారిలో ఎక్కువ మంది ఆ వాక్యానికి అర్థమే అడిగారు.

ఆయన చెప్పేవి నిజంగా వ్యాకరణ నియమాలేనా? ఆయన మనసు నొప్పించకుండా ఈ మాట ఎలా ఎత్తాలి?

మొదటి సమాధానం

ఆ నాలుగింటిలో ఏదీ వ్యాకరణ నియమం కాదండీ. మొదటి మూడింటి విషయంలో ఆ అభ్యంతరం ఏ కాలానిదో కూడా చెప్పవచ్చు. వాక్యం చివర ప్రిపోజిషన్ రావడాన్ని 1672లో జాన్ డ్రైడెన్ కవి తప్పుపట్టి, తరువాత తన పాత వ్యాసాన్ని మళ్లీ అచ్చు వేయించినప్పుడు అలాంటి వాక్యాలను తానే మార్చుకున్నాడు. 1762లో రాబర్ట్ లౌత్ రాసిన వ్యాకరణం దీనిని నిషేధించిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది సంభాషణకూ చనువైన శైలికీ సరిపోతుందని, గంభీర రచనలో ప్రిపోజిషన్ ముందుకు వస్తే అందంగా ఉంటుందని మాత్రమే ఆయన అన్నాడు. పైగా ఆ సంగతి చెబుతూనే ‘విచ్ అవర్ లాంగ్వేజ్ ఈజ్ స్ట్రాంగ్లీ ఇన్‌క్లైన్డ్ టు’ అని, తానే ‘టు’ను చివర పెట్టి రాశాడు.

లెక్కపెట్టగలిగిన వాటికి ‘ఫ్యూయర్’, మిగతా వాటికి ‘లెస్’ అన్న భేదాన్ని 1770లో రాబర్ట్ బేకర్ తన అభిరుచిగా సూచించాడు, తరువాతి వారు దానిని శాసనం చేశారు. స్ప్లిట్ ఇన్ఫినిటివ్‌పై, అంటే ‘టు’కూ క్రియకూ మధ్య మాట పెట్టడంపై, అభ్యంతరం పందొమ్మిదో శతాబ్దంలో పుట్టి, 1864లో హెన్రీ ఆల్ఫర్డ్ పుస్తకంతో బాగా వ్యాపించింది. 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో, సందిగ్ధంగానో కృతకంగానో రాయడం కంటే విడగొట్టడమే మేలని తేల్చాడు.

మీ వాక్యానికి సరిగ్గా అదే జరిగింది. ‘అగ్రీడ్ ఫుల్లీ టు రీఫండ్’ అన్నప్పుడు ‘ఫుల్లీ’ అంగీకారానికి చెందిందా, వాపసుకు చెందిందా? డబ్బు మొత్తం వస్తుందా, కొంతే వస్తుందా అన్నది ఆ ఒక్క మాటపై ఆధారపడి ఉంది. మీరు రాసినదానిలో ఆ అనుమానానికి తావే లేదు.

రెండో సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను కానీ, చిన్న విషయాలపై పట్టింపు అంతా వృథా అన్న అభిప్రాయం మిగిలిపోకూడదని దీన్ని రాస్తున్నాను. నేను చట్టపరమైన పత్రాలు చదివే పనిలో ఉన్నాను. అమెరికాలోని మేన్ రాష్ట్రంలో ఓవర్‌టైమ్ చెల్లింపు వర్తించని పనుల జాబితా ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని ముగిసేది. ‘షిప్‌మెంట్’ తరువాత కామా లేదు. పంపిణీ కూడా జాబితాలో ఒక విడి పనేనా, లేక పంపిణీ కోసం ప్యాక్ చేయడమే అక్కడ ఉద్దేశమా? ఒక డెయిరీ డ్రైవర్లు సరుకు పంపిణీ చేసేవారే తప్ప ప్యాక్ చేసేవారు కాదు. 2017లో అప్పీలు కోర్టు ఆ వాక్యం సందిగ్ధంగా ఉందని చెప్పి వారి పక్షాన నిలిచింది. 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

‘షల్’ కూడా అలాంటిదే. అది ఆజ్ఞా, భవిష్యత్తా, అనుమతా అన్న వివాదాలు రావడం వల్లనే, 2007లో అమెరికా ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమాలను (ఫెడరల్ కోర్టుల్లో సివిల్ కేసుల విచారణ నియమాలను) తిరగరాసినప్పుడు దానిని తీసేసి సందర్భాన్ని బట్టి ‘మస్ట్’, ‘మే’ వంటివి పెట్టారు. మీ సహోద్యోగికి ఉన్న నిశితమైన చూపు ఇలాంటి చోట్ల పడితే ఎంతో ఉపకారం జరుగుతుంది.

మూడో సమాధానం

ఎన్నో ఏళ్లు ఎడిటింగ్ చేశాను కనుక ఆచరణ గురించి చెబుతాను. తగవు ఉన్న వాక్యం ఎదురైతే ఇద్దరిలో ఎవరిది ఒప్పో తేల్చడం మానేసి దానిని మరోలా రాయండి. ‘వి విల్ రీఫండ్ ద ఫుల్ ఎమౌంట్’ అంటే ఆయనకూ అభ్యంతరం ఉండదు, చదివేవారికీ సందేహం ఉండదు. ఆ నియమాలను నమ్మే పాఠకులు కూడా ఉంటారు కాబట్టి వారి దృష్టి అనవసరంగా చెదరకుండా చూడడంలో తప్పు లేదు.

సరళ భాష పేరుతో మరో రకం ఛాందసం రాకుండా కూడా చూసుకోండి. కర్మణి ప్రయోగం ఎక్కడ కనిపించినా కొట్టేసేవారు ఉన్నారు. కానీ ‘యువర్ అప్లికేషన్ హ్యాజ్ బీన్ అప్రూవ్డ్’ అన్న వాక్యంలో పాఠకునికి కావలసింది తన దరఖాస్తు ఏమైందన్నదే, ఏ అధికారి ఆమోదించారన్నది కాదు. అక్కడ అదే సరైన వాక్యం. మీ అరవై మాటల వాక్యంలోనైతే, పని చేయవలసిన మనిషే కనిపించడం లేదు, దోషమంతా అక్కడ ఉంది. 2023లో వెలువడిన సరళ భాష ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం కూడా పాఠకునికి అవసరమైనది ఉందా, అది దొరుకుతుందా, అర్థమవుతుందా, ఉపయోగించుకోగలరా అనే చూస్తుంది.

ఆయనతో మాట్లాడేటప్పుడు డ్రైడెన్‌నూ ఫౌలర్‌నూ తీసుకువెళ్లకండి. ఫోన్ చేసినవారు ఏమేం అడిగారో ఒక కాగితంపై రాసి, ఆ వాక్యం పక్కన పెట్టి, ‘దీన్ని ఎలా బాగు చేద్దామండీ’ అని సలహా అడగండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. ఫోన్‌లో వచ్చిన ప్రశ్నలతో ఈ రోజు ఆయన దగ్గరకు వెళ్లాను. ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, పెన్ను తీసుకుని, దానిని తానే మూడు వాక్యాలుగా విడగొట్టారు, మొదటిది ‘యు మస్ట్ సెండ్’ అని మొదలైంది. మూడోది ‘బట్’తో మొదలు పెట్టి, కొట్టేసి, ‘హవెవర్’ అని రాశారు. నేను దానిని అలాగే ఉంచాను.