శ్రీకాకుళం నుంచి హైకోర్టు దాకా: సర్వీసులో చేరడం మేలా, ప్రాక్టీసు మేలా?

టెక్కలి విద్యార్థిని:
అందరికీ నమస్కారం. నేను న్యాయశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. మా తాతగారి జిరాయితీ భూమి దావా మున్సిఫ్ కోర్టులో గెలిచి, మొదటి అప్పీలులో ఓడి, రెండో అప్పీలుగా హైకోర్టుకు వెళ్ళింది. ఆ కాగితాల మధ్యనే పెరిగిన నాకు అప్పీళ్ళు వినే న్యాయమూర్తిని కావాలని ఉంది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయమని నాన్న అంటున్నారు. అమరావతి వెళ్ళి హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టాలని నాకు ఉంది. ఏది సరైనదో పెద్దలు చెప్పగలరు.

విజయనగరం న్యాయవాది:
రెండు దారులూ అక్కడికే చేరతాయి కాని, ఒకే వయసులో చేరవు. రాజ్యాంగం 217వ అధికరణం ప్రకారం పదేళ్ళు న్యాయాధికారిగా గాని, పదేళ్ళు హైకోర్టు న్యాయవాదిగా గాని ఉన్నవారు హైకోర్టు న్యాయమూర్తి పదవికి అర్హులు. విరమణ 62 ఏళ్ళకు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసి సర్వీసులో చేరినవారు సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి మెట్లు ఎక్కి, న్యాయమూర్తుల పేర్లు సిఫారసు చేసే కొలీజియం దృష్టిలో పడేసరికి సాధారణంగా యాభై దాటుతాయి కనుక, హైకోర్టులో వారికి మిగిలేది కొద్ది సంవత్సరాలే. న్యాయవాదుల నుంచి వెళ్ళేవారికి ఎక్కువ కాలం దొరుకుతుంది కాని, అది దరఖాస్తు పెట్టుకుంటే వచ్చే పదవి కాదు.

అయితే అప్పీళ్ళు వినడానికి అమరావతి దాకా వెళ్ళనక్కరలేదమ్మా. మున్సిఫ్ కోర్టు, అంటే ఇప్పటి జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, ఇచ్చిన డిక్రీ మీద మొదటి అప్పీలు వినేది జిల్లాలోని పైకోర్టే, సాక్ష్యాన్ని మళ్ళీ తూచేదీ అక్కడే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ కింద హైకోర్టు రెండో అప్పీలులో చూసేది ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్నను మాత్రమే. పైగా 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కూడా మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరి అయింది. కనుక మొదటి మూడేళ్ళు మీకు రెండు దారులూ ఒక్కటే.

విశ్రాంత బెంచి క్లర్కు, శ్రీకాకుళం:
ఆ మూడేళ్ళు మన జిల్లా కోర్టులలోనే గడపమని నా మనవి. అప్పీలు వినే న్యాయమూర్తి సాక్షిని చూడరు. వారి ముందు ఉండేది వాంగ్మూలం కాగితం మాత్రమే. సాక్షి మన యాసలో చెప్పినది ఇంగ్లీషులోకి మారి ఆ కాగితం మీదకు ఎక్కడం నేను ముప్పై ఏళ్ళు దగ్గరుండి చూశాను. ఒకసారి ఒక సాక్షి "మా గుంట దగ్గరున్నాది" అన్నాడు. మనకు గుంట అంటే ఆడపిల్ల. వేరే ప్రాంతం నుంచి కొత్తగా వచ్చిన అధికారి దానిని గొయ్యి అనుకొని, గొయ్యి దగ్గరలో ఉందని రాయించబోతుండగా ప్లీడరుగారు లేచి సరిచేశారు. ఆ క్షణాన ఆయన వేరే కట్ట తిరగేస్తూ ఉండి ఉంటే, జరిగినది కళ్ళారా చూసిన పిల్ల రికార్డులో లేకుండా పోయేది, పైకోర్టుకు గొయ్యి మాత్రమే వెళ్ళేది. సాక్షిని కళ్ళెదుట చూసిన కింది కోర్టు నమ్మకాన్ని పైకోర్టు తేలికగా కాదనకూడదన్న నియమం ఎందుకు ఉందో నాకు ఆనాడు అర్థమైంది. ఆ కాగితం ఎలా పుడుతుందో చూసిన తరువాత దానిని చదివే చూపే మారుతుందమ్మా.

విజయనగరం న్యాయవాది:
వారి మాట నిజం. దానికి ఒకటి చేరుస్తాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 31వ రూలు ప్రకారం అప్పీలు తీర్పులో తేల్చవలసిన అంశాలు, నిర్ణయం, దానికి కారణాలు ఉండాలి. మీ తాతగారి దావాలోని రెండు తీర్పుల నకళ్ళూ పక్కపక్కన పెట్టుకొని, కింది కోర్టు నమ్మిన సాక్షిని పైకోర్టు ఏ కారణం చెప్పి నమ్మలేదో వెతకండి.

టెక్కలి విద్యార్థిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నకళ్ళు ఇంట్లోనే ఉన్నాయి, ఈ వారమే చదువుతాను. ఆ మూడేళ్ళు ఏ తేదీ నుంచి లెక్కిస్తారు?

విజయనగరం న్యాయవాది:
బార్ కౌన్సిల్‌లో తాత్కాలికంగా నమోదైన తేదీ నుంచి లెక్కించవచ్చని ఆ తీర్పులోనే ఉంది. పట్టా చేతికి రాగానే ఆలస్యం చేయకుండా నమోదు చేసుకోండి.