ఇంటి ప్లాను, త్రీడీ ఎలివేషన్ ఇచ్చి "ఇవి చాలు" అంటున్నారు.. పని మొదలయ్యే లోపు ఇంకేం డ్రాయింగులు అడగాలి?

ఏలూరు_రోడ్డు

అందరికీ నమస్కారం. విజయవాడ శివార్లలో మాకు 200 గజాల స్థలం ఉంది, 30 బై 60, తూర్పు ముఖం. జీ ప్లస్ వన్ వేద్దామని నాన్నగారు పట్టుదలగా ఉన్నారు, వచ్చే నెలలోనే శంకుస్థాపన. నేను ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటాను, రోజూ సైట్ దగ్గర ఉండేది ఆయనే.

ఇంజనీరు గారు ఇప్పటిదాకా ఇచ్చినవి మూడే కాగితాలు. అప్రూవల్‌కి పెట్టిన ప్లాను, గదుల కొలతలతో ఫ్లోర్ ప్లాను, రంగురంగుల త్రీడీ ఎలివేషన్. స్ట్రక్చరల్ డ్రాయింగులు (పిల్లర్లు, దూలాలు, స్లాబుల ఇనుము చూపించేవి) కావాలంటే "చిన్న ఇల్లే కదండీ, తొమ్మిది బై పన్నెండు పిల్లర్లు, ఆరేసి 12 ఎంఎం రాడ్లు, మేస్త్రీకి అంతా తెలుసు, విడిగా కావాలంటే ఫీజు వేరే" అన్నారు. ఫీజు ఇవ్వడానికి మాకేం అభ్యంతరం లేదు, కానీ దేనికి ఇస్తున్నామో తెలియాలి కదా. ఇంటర్నెట్‌లో చూస్తే ముప్పై రకాల పేర్లు కనిపిస్తున్నాయి, చదివేకొద్దీ టెన్షన్ తప్ప ఏమీ అర్థం కాలేదు. మా సైజు ఇంటికి నిజంగా ఏవి కావాలి, ఏవి లేకపోయినా పర్వాలేదు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

స్లాబ్‌సార్

మీకిచ్చిన మూడింటితో సైట్‌లో పని జరగదండీ. అప్రూవల్ ప్లాను మున్సిపాలిటీ వాళ్ల కోసం గీసేది. స్థలం చుట్టూ ఎంత వదిలారు, ఎత్తెంత, రోడ్డు వెడల్పెంత, ఇంకుడు గుంత ఎక్కడ, వాళ్లు చూసేది ఇవి. పిల్లర్‌లో ఇనుమెంతో అందులో వెతికినా దొరకదు. బ్యాంకు లోనుకి కూడా దాన్నే అడుగుతారు కాబట్టి భద్రంగా ఉంచుకోండి, కట్టేటప్పుడు దాన్ని దాటితే తర్వాత ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దగ్గర తలనొప్పి. త్రీడీ ఎలివేషన్ చుట్టాలకి వాట్సాప్‌లో పెట్టుకోవడానికి బాగుంటుంది.

పనికొచ్చేవి వర్కింగ్ డ్రాయింగులు. వాటిలో మొదటిది సెంటర్ లైన్, అంటే ముగ్గు పోసే రోజున చేతిలో ఉండాల్సిన కాగితం. ఒకవైపు ఏ, బీ, సీ అని, ఇంకోవైపు 1, 2, 3 అని గీతలుంటాయి, గీతలు కలిసినచోట పిల్లర్. "బీ2 పిల్లర్" అంటే సైట్‌లో అందరికీ ఒకే పిల్లర్ గుర్తుకు రావాలి. ఇందులో మూలల మధ్య కొలత కూడా రాసివ్వమని అడగండి. మీ ఇంటి సెంటర్ లైను 24 బై 45 అడుగులు అనుకుందాం, అప్పుడు ఎదురెదురు మూలల మధ్య సరిగ్గా 51 అడుగులు రావాలి, రెండు వైపులా. నాన్నగారు ఒక టేపు పట్టుకుని అయిదు నిమిషాల్లో చూసుకోవచ్చు. అక్కడ మూడంగుళాలు తేడా వస్తే ఆ వంకర టైల్స్ వేసేదాకా మిమ్మల్ని వదలదు.

తర్వాత ఫుటింగు డ్రాయింగ్, అంటే పిల్లర్ కింద భూమిలో వేసే పునాది దిమ్మెది. మీది కృష్ణా జిల్లా వైపు, నల్లరేగడి అయ్యే అవకాశం ఎక్కువ. అది వానకి ఉబ్బుతుంది, ఎండకి పగుళ్లిస్తుంది. సాయిల్ టెస్ట్ రిపోర్టు లేకుండా ఫుటింగ్ సైజు చెప్పారంటే అది అంచనాయే. రిపోర్టులో నేల ఎంత బరువు మోస్తుందో వస్తుంది, దాన్నిబట్టే ఫుటింగ్ ఎంత వెడల్పు, ఎంత లోతు అన్నది తేలుతుంది.

ఇక పిల్లర్ల షెడ్యూలు. ఇది ఒక పట్టిక, ఏ పిల్లర్‌కి ఎన్ని రాడ్లు, ఏ సైజు, ఆ రాడ్ల చుట్టూ కట్టే రింగులు ఎంత దూరంలో అని. మీ ఇంజనీరు "ఆరేసి 12 ఎంఎం" అని నోటితో అనేశారు కదా, ఆ మాట మూల పిల్లర్‌కీ మధ్య పిల్లర్‌కీ ఒకటేనా? నాలుగు వైపుల నుంచి దూలాలు వచ్చి కూర్చునే పిల్లర్ మోసే బరువు వేరు. ఇంకో సంగతి, విజయవాడ ఐఎస్ 1893:2016 (భూకంపాలకి సంబంధించిన భారత ప్రమాణం) ప్రకారం భూకంప జోన్ 3లో ఉంది, హైదరాబాదు లాగా జోన్ 2 కాదు, అంకె పెరిగితే ప్రమాదం ఎక్కువ. జోన్ 3 నుంచి ఐఎస్ 13920, అంటే భూకంపాన్ని తట్టుకునేలా ఇనుము ఎలా కట్టాలో చెప్పే ప్రమాణం, వర్తిస్తుంది, దాని 2016 ప్రతిలో పిల్లర్ ఏ వైపూ 300 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని ఉంది. అంటే తొమ్మిది అంగుళాల పిల్లర్ అక్కడే ఆగిపోయింది. పిల్లర్ చివర్లలో, అంటే దూలం కలిసేచోట పైనా కిందా, కనీసం 450 మిల్లీమీటర్ల మేర రింగులు దగ్గర దగ్గరగా రావాలి, 100 మిల్లీమీటర్లకి మించకుండా. రింగు కొక్కేలు 135 డిగ్రీలు లోపలికి వంచాలి. ఇవన్నీ డ్రాయింగ్‌లో బొమ్మ గీసి ఉంటేనే రాడ్ బెండింగ్ వాళ్లు చేస్తారు, లేదంటే 90 డిగ్రీలు వంచి వదిలేస్తారు, వాళ్లకి అది తేలిక.

ఆ వరసలోనే ప్లింత్ బీములు (నేల మట్టం దగ్గర పిల్లర్లని కలిపే దూలాలు), స్లాబు బీములు, స్లాబు ఇనుము, మెట్ల డ్రాయింగ్. ఒక్కోదాని పని వచ్చే వారం ముందు అది సైట్‌లో ఉండాలి, అన్నీ మొదటిరోజే అక్కర్లేదు.

మేస్త్రీగారబ్బాయి

సార్ చెప్పింది తప్పనను గానీ, మా నాన్న ముప్పై ఏళ్లుగా ఇళ్లు కడుతున్నారు, ఆయన చూసిన డ్రాయింగుల్లో సగం సైట్‌లో పనికిరానివి. అంతా మిల్లీమీటర్లలో ఇస్తారు, మా దగ్గర టేపు పట్టుకునేవాడు అడుగులు, అంగుళాల్లో ఆలోచిస్తాడు. 230 అంటే తొమ్మిది అంగుళాలని అందరికీ తెలుసు, 3,965 అని రాసి ఉంటే మధ్యాహ్నం పన్నెండింటికి ఎండలో ఎవడు లెక్కేస్తాడు? ఇంజనీరుకి చెప్పి పక్కనే అడుగులు కూడా రాయించుకోండి, దానికి ఆయనకి పోయేదేం లేదు.

పన్నెండు అంగుళాల పిల్లర్ గురించి కూడా ఒకమాట. గోడ తొమ్మిది అంగుళాలు, పిల్లర్ పన్నెండైతే మూడంగుళాలు గదిలోకి పొడుచుకొస్తుంది, అప్పుడు "బీరువా పట్టట్లేదు" అని ఓనరే మా మీద పడతాడు. కాబట్టి ఆ మూడంగుళాలు ఏ గదిలోకి, ఏ మూలకి రావాలో ముందే ఫ్లోర్ ప్లాన్‌లో గీయించండి. తలుపు వెనకాలో, బీరువా పక్కనో పడేలా జరిపితే ఎవరికీ కనపడదు.

ఇంకోటి, పాత కాగితాలు. సగం పని అయ్యాక వాస్తు ఆయన వచ్చి మెట్లు నైరుతికి మార్చమంటాడు, ఇంజనీరు కొత్త షీటు పంపుతాడు, పాతది సిమెంటు బస్తా మీద అలాగే ఉంటుంది, మర్నాడు కొత్త కూలీ దాన్నే చూసి మార్కింగ్ చేస్తాడు. కొత్త షీటు వచ్చిన రోజే పాతదాని మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి ఇంటికి పట్టుకుపొమ్మని నాన్నగారికి చెప్పండి. ఫోన్‌లో ఫొటో తీసి పంపిన ఫొటోకి మళ్లీ ఫొటో తీసి పంపేవి అసలు నమ్మొద్దు, 3 కాస్తా 8 లా కనిపిస్తుంది. వాస్తు మాట ఏదైనా ఉంటే ముగ్గు పోయకముందే తేల్చుకోండి, అందరికీ ప్రశాంతం.

స్లాబ్‌సార్

అబ్బాయి మాటల్లో నిజముంది, ముఖ్యంగా పాత షీట్ల సంగతి. అందుకే ప్రతి షీటు మీదా మూలలో ఆర్0, ఆర్1 అని రివిజన్ నంబరు, తేదీ ఉంటాయి. దాంతోపాటు "గుడ్ ఫర్ కన్‌స్ట్రక్షన్" అన్న ముద్ర, ఇంజనీరు సంతకం ఉన్న షీటుతోనే కాంక్రీటు వేయించండి. సంతకం లేని పీడీఎఫ్‌తో వేస్తే రేపు ఎవరూ బాధ్యత తీసుకోరు.

బీఎస్‌ఎన్‌ఎల్_రిటైర్డ్

పై ఇద్దరూ వదిలేసింది ఒకటుంది, అదే ఇల్లు కట్టుకున్నవాళ్లని ఎక్కువ ఏడిపించేది. కరెంటు, నీళ్లు. మాది గుంటూరులో, మూడేళ్ల కిందట కట్టాం. మా ఎలక్ట్రీషియన్ చాలా మంచివాడు గానీ స్లాబు వేసే ముందురోజు సాయంత్రం వచ్చి "సార్, ఫ్యాన్ ఎక్కడ?" అని అడిగాడు. మంచం ఎటు వేస్తామో, ఏసీ ఏ గోడకో మేం ఇంకా అనుకోనేలేదు. పైపులు స్లాబు ఇనుము మీదే పరుస్తారు, కాంక్రీటు పడ్డాక మళ్లీ అవకాశం రాదు. గోడలకి కొట్టుకోవచ్చు, స్లాబుని కొట్టకూడదు. కాబట్టి ఎలక్ట్రికల్ లేఅవుట్ ఇంటి పనుల్లో చివరిది అనుకోకండి, స్లాబుకి కనీసం రెండు వారాల ముందు ఆ షీటు మీద మీ మంచాలు, టీవీ, ఫ్రిజ్, ఇన్వర్టరు, పూజగదిలో చిన్న లైటు అన్నీ గుర్తు పెట్టి ఉండాలి.

బాత్‌రూము ఇంకా ముఖ్యం. పై అంతస్తులో బాత్‌రూము కింద స్లాబుని మిగతా స్లాబు కంటే కిందికి దింపి పోస్తారు, దాన్ని సంకెన్ అంటారు. ఎంత దించాలో స్లాబు డ్రాయింగ్‌లో అడ్డగీతలతో చూపించి అంకె వేస్తారు. అది మర్చిపోతే తర్వాత బాత్‌రూములోకి ఒక మెట్టు ఎక్కి వెళ్లాలి, ఎన్ని ఇళ్లలో చూస్తాం! ప్లంబింగ్ డ్రాయింగ్ బీముల డ్రాయింగ్‌తో పోల్చి చూడమని ఇంజనీరుని గట్టిగా అడగండి. కమోడు పైపు నేరుగా బీము నెత్తి మీద దిగితే, ప్లంబరు సుత్తి పట్టుకుని బీముకే చిల్లు పెడతాడు, ఎవరూ లేనప్పుడు.

ఏలూరు_రోడ్డు

చాలా థాంక్స్ అండీ అందరికీ. అప్పుడు సెక్షన్ డ్రాయింగ్ అన్నది కూడా అడగాలా? ప్లానూ ఎలివేషనూ ఉండగా అదెందుకో తెలియట్లేదు. ఇంకా, స్టీలు ఎంత వస్తుందో ముందే తెలుసుకోవడానికి ఏదైనా కాగితం ఉంటుందా, కాంట్రాక్టరు ఒక లెక్క, షాపు అతను ఒక లెక్క చెబుతున్నారు.

స్లాబ్‌సార్

సెక్షన్ తప్పకుండా. ఇంటిని కత్తితో నిలువుగా కోసి పక్కనుంచి చూసినట్టు ఉంటుంది. ఎత్తులన్నీ అక్కడే తెలుస్తాయి. రోడ్డు మట్టం నుంచి బేస్‌మెంటు ఎంత, కిటికీ నేల నుంచి ఎంత, లింటెల్ (తలుపు, కిటికీల పైన వేసే దూలం) ఎక్కడ, స్లాబు ఎక్కడ. మన ఊళ్లలో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేస్తారు కాబట్టి ఇప్పటి రోడ్డు మట్టాన్ని నమ్మి బేస్‌మెంటు తగ్గించొద్దు. కోత మెట్ల మీదుగా వెళ్లేలా గీయించండి. నేల నుంచి పై నేలకి పదిన్నర అడుగులైతే 126 అంగుళాలు, ఒక్కో మెట్టు ఏడంగుళాలు పెడితే 18 మెట్లు, తొమ్మిది ఎక్కి తిరిగి తొమ్మిది. ఈ లెక్క కాగితం మీద కుదరకపోతే సైట్‌లో ఆఖరి మెట్టు తొమ్మిదంగుళాలు అవుతుంది, మీ అమ్మగారికి రోజూ ఇబ్బంది.

స్టీలుకి బార్ బెండింగ్ షెడ్యూల్ అని ఉంటుంది, బీబీఎస్ అంటారు. ఏ రాడ్డు ఎంత పొడవు, ఎలా వంచాలి, ఎన్ని ముక్కలు, మొత్తం బరువెంత అన్నీ ఉంటాయి. షాపులో తనిఖీకి సులువైన లెక్క ఒకటి చెబుతా. రాడ్డు సైజుని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి కిలోలు వస్తాయి. 16 ఎంఎం అయితే 1.58, పన్నెండు మీటర్ల పూర్తి రాడ్డు దాదాపు 19 కిలోలు. లారీ దిగేటప్పుడు ఒక కట్టలో రాడ్లు లెక్కపెట్టి, బిల్లులో బరువుతో సరిచూసుకోండి, కొద్ది తేడా మామూలే.

ఆ షీట్లని ఊళ్లో ప్రింట్ తీయించేటప్పుడు పెద్ద కాగితానికి గీసినవాటిని చిన్నదానిమీద కుదించి తీస్తారు, స్కేలు మారిపోతుంది. కాబట్టి గీతని స్కేలుతో కొలిచి కొలత తీయొద్దని, రాసి ఉన్న అంకెనే చూడాలని, అంకె లేకపోతే ఇంజనీరుకి ఫోన్ చేయాలని మేస్త్రీకి ముందే చెప్పించండి. కవర్ బిళ్లల (ఇనుము కాంక్రీటు అంచుకి తగలకుండా మధ్యలో పెట్టే సిమెంటు ముక్కలు) సైజు కూడా డ్రాయింగ్ నోట్స్‌లో ఉంటుంది, మామూలుగా ఫుటింగ్‌కి 50, పిల్లర్‌కి 40, స్లాబుకి 20 మిల్లీమీటర్లు.

మేస్త్రీగారబ్బాయి

బిళ్లలు సైట్‌లోనే పోయించుకోండి అన్నా, లేదంటే కాంక్రీటు వేసే రోజు పొద్దున్న కంకరరాయి పెట్టి సర్దేస్తారు. వారం ముందే పోసి నీళ్లలో నానబెట్టి ఉంచమనండి.