"పనితీరు మెరుగుపడాలి": ఈ వాక్యంలో పని ఎవరిది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. బిజినెస్ అనలిస్టుల (వ్యాపారానికి ఏం కావాలో కనుక్కుని, సాఫ్ట్‌వేర్ కట్టేవాళ్ల కోసం రాసిపెట్టేవారి) పనితీరును ఎలా కొలవాలి, ఎలా మెరుగుపరచాలి అనే విషయం మీద టీం లీడర్ల కోసం తెలుగులో ఒక చిన్న కరదీపిక రాస్తున్నాం. అప్రైజల్‌లో, అంటే ఉద్యోగుల పనిని అంచనా వేసే ఫారంలో, రాసే వ్యాఖ్యలకు కొన్ని నమూనాలు ఇవ్వాలి. నేను "మీ పనితీరు మెరుగుపడాలి" అని రాశాను. నాతో కలిసి రాస్తున్నావిడ దాన్ని "మెరుగుపరచుకోవాలి" అని దిద్దారు. డ్రాఫ్టు చూసిన ఇంకొకరు "మెరుగుపరచాలి" అంటే చాలదా అన్నారు. మూడింటిలో ఏది వాడాలి? అలాగే "పనితీరు" బదులు "పనితనం" అనొచ్చా? తెలిసినవారు చెప్పండి.

జవాబు (వ్యాకరణం తెలిసిన సభ్యుడు)

మూడూ వ్యాకరణానికి సరిపోయేవేనండి. "పడు" చేరితే అకర్మకం: బలపడు, స్థిరపడు, మెరుగుపడు. "పరచు" చేరితే సకర్మకం: బలపరచు, స్థిరపరచు, మెరుగుపరచు. దానికి "కొను" కూడా తోడైతే ఆ పని ఫలం చేసినవారికే చెందుతుంది. తప్పొప్పుల సంగతి అలా ఉంచి, మీరేం చెప్పదలచుకున్నారో ముందు తేల్చుకోండి.

జవాబు (అనలిస్టుల టీం నడిపే సభ్యురాలు)

పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. చాలాకాలంగా అనలిస్టులతో పనిచేస్తున్నాను, అప్రైజల్ వ్యాఖ్యలు రాయడం నా పనిలో భాగం. ఈ మూడు క్రియల మధ్య ఉన్న తేడా అక్కడ మనుషుల మీద నేరుగా పడుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

"మీ పనితీరు మెరుగుపడాలి" అన్నారనుకోండి. వాక్యంలో కర్త పనితీరే. ఎవరు ఏం చేయాలో ఎక్కడా లేదు. జ్వరం తగ్గాలి అన్నట్టు, దానంతటదే జరగాల్సిన సంగతిలా వినిపిస్తుంది. అది చదివిన అనలిస్టుకు మిగిలేది టెన్షన్ ఒక్కటే. రేపు ఉదయం ఆఫీసుకొచ్చి ఏం మార్చుకోవాలో తెలియదు. నమూనా వ్యాఖ్యల్లోంచి దీన్ని తీసేయమనే నా సలహా.

"మెరుగుపరచుకోవాలి" అంటే బాధ్యతంతా అనలిస్టుది. కొన్ని విషయాల్లో అది న్యాయమే. ఇంటర్వ్యూకు వెళ్లేముందు పాత డాక్యుమెంట్లు చదవకపోవడం, మీటింగులో తేలిన నిర్ణయాలు రాసి పంపకపోవడం, సందేహం ఉన్నా అడక్కుండా ఊహించి రాసేయడం లాంటివి ఆ మనిషి చేతిలో ఉన్నవే. వాటి గురించి మొహమాటం లేకుండా "మెరుగుపరచుకోవాలి" అనే రాయాలి.

అయితే అనలిస్టు పని ఒక్కరే కూర్చుని చేసుకునేది కాదు. వ్యాపారం నడిపే విభాగం వాళ్లు టైం ఇవ్వాలి. నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవాళ్లు అందుబాటులో ఉండాలి. సాఫ్ట్‌వేర్ రోజూ వాడబోయేవాళ్లతో మాట్లాడనివ్వకుండా, వాళ్ల మేనేజరు చెప్పింది మాత్రం రాసుకు రమ్మంటే ఎంత గొప్ప అనలిస్టయినా సగం సమాచారమే తేగలరు. ఆ మిగతా సగం టెస్టింగ్‌లో బయటపడుతుంది. అప్పుడు అనలిస్టు ఫారంలో "మెరుగుపరచుకోవాలి" అని రాస్తే అన్యాయం. అక్కడ కావలసింది "మెరుగుపరచాలి", దాంతోపాటు ఎవరు అన్నది కూడా. ఉదాహరణకు: "వినియోగదారులతో అనలిస్టు నేరుగా మాట్లాడే ఏర్పాటు టీం లీడర్ చేయాలి."

ఇదేదో నా సొంత సిద్ధాంతం అనుకోకండి. అనలిస్టుల అంతర్జాతీయ సంస్థ ఐఐబీఏ 2015లో తెచ్చిన బాబోక్ అనే మార్గదర్శక గ్రంథం మూడో కూర్పులో, బిజినెస్ అనాలిసిస్ పనితీరులో మెరుగుదలకు ఉన్న అవకాశాలను గుర్తించడం అనేది ఒక విడి పని. అక్కడ సూచించిన కొలమానాల్లో కచ్చితత్వం, సంపూర్ణత, పరిజ్ఞానం, సకాలంలో ఇవ్వడం వంటివాటి పక్కనే సంస్థ ఇచ్చే మద్దతు కూడా ఉంది. అంటే అనలిస్టు పనిని కొలిచేటప్పుడు, వాళ్లకు సంస్థ ఏమిచ్చిందో కూడా కొలవాలి. మీ కరదీపికలో ఇదొక్కటి పెట్టినా చాలా మేలు జరుగుతుంది. నాణ్యత రంగంలో పేరుమోసిన ఎడ్వర్డ్స్ డెమింగ్ అయితే ఏడాదికోసారి మనుషులకు మార్కులు వేయడాన్నే సంస్థలను పట్టిన ప్రాణాంతక జబ్బుల్లో ఒకటిగా చెప్పారు. ఫలితాల్లో ఎక్కువ వంతు మనిషి నుంచి కాక అతను పనిచేసే వ్యవస్థ నుంచి వస్తుందన్నది ఆయన వాదన. నేను అంత దూరం వెళ్లను, అప్రైజల్ ఉండాలనే అంటాను. ఆ వాదనలోని బలాన్ని మాత్రం కాదనలేను.

ప్రశ్న వేసినవారు

చాలా ఉపయోగపడిందండి. మరి కొలమానాల సంగతి? మా డ్రాఫ్టులో "ఏడాదిలో రాసిన డాక్యుమెంట్లు, యూజర్ స్టోరీలు (వాడేవాళ్లకు ఏం కావాలో చెప్పే చిన్న వివరణలు), నడిపిన వర్క్‌షాపులు" అని పెట్టాం. దానికి "పనితీరు కొలత" అని శీర్షిక ఇచ్చాం.

జవాబు (అనలిస్టుల టీం నడిపే సభ్యురాలు)

శీర్షిక మార్చండి, లేదా కింద ఉన్నవి మార్చండి. మీరు రాసినవన్నీ లెక్క, కొలత కాదు. తెలుగులో ప్రశ్న వేసి చూస్తే తేలిపోతుంది. డాక్యుమెంట్లు ఎన్ని? స్టోరీలు ఎన్ని? వర్క్‌షాపులు ఎన్ని? అన్నీ "ఎన్ని" దగ్గరే ఆగాయి. "ఎంత", "ఎలా" అన్న ప్రశ్నలు ఒక్కసారి కూడా రాలేదు. పనితీరులో ఉన్న "తీరు" అనే మాటకు జవాబిచ్చే ప్రశ్న "ఎలా" కదా.

ఒక రిక్వైర్‌మెంట్ (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే షరతు) దగ్గరకెళ్లి చూద్దాం. ఆన్‌లైన్ అమ్మకాల సైటు కోసం ఒక అనలిస్టు ఇలా రాశారనుకోండి: "కస్టమర్ తన ఆర్డర్‌ను రద్దు చేసుకోవచ్చు." మీ లెక్కలో ఇది ఒక స్టోరీ. ఇంకో అనలిస్టు అదే విషయం ఇలా రాశారు: "సరుకు గోదాము నుంచి బయల్దేరేలోపు కస్టమర్ ఆర్డర్‌ను పూర్తిగా గానీ, అందులోని కొన్ని వస్తువులను గానీ రద్దు చేసుకోవచ్చు. సరుకు బయల్దేరాక రద్దు బటన్ కనిపించకూడదు, వాపసు బటన్ కనిపించాలి. చెల్లించిన డబ్బు ఏ పద్ధతిలో వచ్చిందో ఆ పద్ధతిలోనే తిరిగి వెళ్లాలి. కూపన్ వాడి ఉంటే దాని సంగతి మార్కెటింగ్ విభాగం తేల్చాలి, ఇంకా తేలలేదు." ఇదీ మీ లెక్కలో ఒక స్టోరీయే.

మొదటిది డెవలపర్ చేతికి వెళ్లాక ఏమవుతుంది? ఎప్పటిదాకా రద్దు చేయొచ్చు, కొన్ని వస్తువులే వద్దంటే ఎలా, డబ్బు సంగతేమిటి అని ఒక్కో ప్రశ్నా వస్తుంది. లేదంటే ఇంకా ఘోరం: డెవలపర్ అడక్కుండా తనకు తోచింది కట్టేస్తారు. రెండోది రాసిన అనలిస్టు ఆ ప్రశ్నలన్నీ ముందే అడిగి వచ్చారు. చివరి వాక్యం ప్రత్యేకంగా చూడండి. "ఇంకా తేలలేదు" అని రాయడానికి ధైర్యం కావాలి. తేలని విషయాన్ని తేలనట్టే చూపించడం మంచి అనలిస్టు లక్షణాల్లో నాకు అన్నిటికంటే నచ్చేది. దాన్ని మీ ఫారం పట్టుకోలేదు సరికదా, అసంపూర్ణం అని మార్కు తగ్గించే ప్రమాదం కూడా ఉంది.

"ఎలా"ను పట్టుకునే కొలతలు ఉన్నాయి. రిక్వైర్‌మెంట్ అందాక అర్థం కాక డెవలపర్లు, టెస్టర్లు వెనక్కి వచ్చి అడిగినవేమిటి? టెస్టింగ్‌లో దొరికిన లోపాల్లో కోడ్ వల్ల వచ్చినవి పోగా, రిక్వైర్‌మెంట్‌లోనే పుట్టినవి ఏవి? ఆమోదం పొందిన డాక్యుమెంటును మళ్లీ తెరవాల్సి వచ్చిందా, ఎందుకు? ఆ మార్పు అమల్లోకి వచ్చి కొన్ని నెలలు గడిచాక, దేనికోసం మొదలుపెట్టారో అది నెరవేరిందా? ఈ ఆఖరు ప్రశ్న అప్రైజల్ తేదీకి సరిపోదని చాలామంది వదిలేస్తారు. వదలకండి. నిరుటి ప్రాజెక్టు ఫలితం ఈ ఏడాది మాట్లాడుకుంటే తప్పేం లేదు.

జవాబు (ప్రాజెక్టులు నడిపే సభ్యుడు)

మేడం, ఇదంతా బాగానే ఉంది కానీ పైవాళ్లకు ఒక అంకె కావాలి. ఆమోదం తర్వాత వచ్చిన మార్పు కోరికలను లెక్కపెడితే సరిపోదా? తక్కువ మార్పులు వస్తే మంచి అనలిస్టు అన్నట్టేగా.

జవాబు (అనలిస్టుల టీం నడిపే సభ్యురాలు)

అంకె వద్దనడం లేదండి. ఆ ఒక్క అంకె మీద మార్కులు వేయొద్దంటున్నాను. మార్పులన్నీ ఒక జాతివి కావు. అనలిస్టు అడగాల్సింది అడగక తప్పిపోయినవి కొన్ని. అడిగినా తప్పుగా అర్థం చేసుకున్నవి కొన్ని. నిబంధనలో, మార్కెట్టో, యాజమాన్యం ఆలోచనో మారి బయటి నుంచి వచ్చినవి ఇంకొన్ని. మొదటి రెండూ అనలిస్టు పని గురించి చెబుతాయి. మూడోది చెప్పదు. ప్రతి మార్పు పక్కన కారణం ఒక్క మాటలో రాయించండి, అప్పుడు మీ అంకెకు అర్థం వస్తుంది. ఆ కారణం అనలిస్టు ఒక్కరే రాయకూడదు, మేనేజరు ఒక్కరే రాయకూడదు. ఇద్దరూ కూర్చుని రాయాలి.

ఇంకో సంగతి. చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975లో చెప్పిన సూత్రం ఒకటుంది. ఆయన ద్రవ్య విధానం గురించి అన్నదే అయినా, ఒక గణాంకాన్ని అదుపు కోసం వాడటం మొదలుపెడితే అందులో అంతవరకూ కనిపించిన క్రమం చెదిరిపోతుందన్న ఆ మాట మన ఫారాలకూ అతికినట్టు సరిపోతుంది. మార్పులు తగ్గితే మార్కులు వస్తాయని తెలిసిన రోజు నుంచి అనలిస్టు మార్పులకు అడ్డుపడటం మొదలుపెడతారు. "సంతకం పెట్టారు కదా, ఇప్పుడు కుదరదు" అనేస్తారు. అంకె బాగుపడుతుంది, కట్టిన సాఫ్ట్‌వేర్ ఎవరికీ పనికిరాదు. స్టోరీల లెక్కకూ ఇదే గతి: ఒక స్టోరీని ముక్కలు చేసి ఐదు చేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం, మనం అడిగిందే ఇచ్చారు.

జవాబు (పదాల మీద ఆసక్తి ఉన్న సభ్యురాలు)

పనితనం గురించి ఎవరూ చెప్పలేదు. "పనితనం" చేసిన వస్తువులో కనిపించే నేర్పు. నగలో పనితనం, శిల్పంలో పనితనం అంటాం. "పనితీరు" పని జరిగే విధానం. యంత్రం పనితీరు అంటాం, యంత్రం పనితనం అనం. కాబట్టి ఫారానికి పనితీరే సరి. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటును చూసి మెచ్చుకునేటప్పుడు పనితనం అనొచ్చు.

జవాబు (అనలిస్టుల టీం నడిపే సభ్యురాలు)

ఈ తేడా నాకు బాగా నచ్చింది. కరదీపికలో రెండూ వాడుకోవచ్చు. పనితనాన్ని తోటి అనలిస్టులే బాగా గుర్తుపడతారు. అందుకే డాక్యుమెంటు ఆమోదానికి వెళ్లేముందు మరో అనలిస్టు చదివి ప్రశ్నలు రాసే అలవాటు పెట్టండి. ఆ ప్రశ్నలు అప్రైజల్‌కు వెళ్లవని ముందే మాటివ్వాలి, లేకపోతే ఎవరూ నిజం రాయరు. కొత్తవాళ్లు రాటుదేలడానికి దీన్ని మించిన దారి నేను చూడలేదు. తరగతి గదిలో నేర్చుకున్న టెక్నిక్ కంటే, నిన్న తాను రాసిన వాక్యం మీద తోటివారు వేసిన ఒక్క ప్రశ్న ఎక్కువ నేర్పుతుంది.

పనితీరు మీద వ్యాఖ్య మాత్రం టీం లీడరే ఇవ్వాలి, వెంటనే ఇవ్వాలి. వర్క్‌షాపులో ఒకరే మాట్లాడుతుంటే అనలిస్టు మిగతావాళ్లను కదిలించలేకపోయారు అనుకోండి, ఆ సంగతి ఆ సాయంత్రమే చెప్పాలి. పది నెలల తర్వాత ఫారంలో కనిపిస్తే అది ఫిర్యాదులా ఉంటుంది తప్ప సాయంలా ఉండదు.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. "మీ పనితీరు మెరుగుపడాలి" తీసేశాను. దాని బదులు ఈ నమూనా పెడుతున్నాను, చూడండి:

"ఆర్డర్ రద్దు డాక్యుమెంటులో కొన్ని వస్తువులనే రద్దు చేసే సందర్భం రాయలేదు. అది టెస్టింగ్‌లో బయటపడింది, ఆ భాగం మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఇకపై ప్రతి స్టోరీకి మినహాయింపు సందర్భాలను అనలిస్టు విడిగా రాసి, తోటివారితో చదివించుకోవాలి. కస్టమర్ సేవా విభాగం వాళ్లతో మాట్లాడే అవకాశం ఈ ప్రాజెక్టులో దొరకలేదు. తర్వాతి ప్రాజెక్టు మొదలయ్యేలోపు టీం లీడర్ ఆ ఏర్పాటు చేయాలి."

ఇంకొక్క సందేహం. రిక్వైర్‌మెంట్‌కు "అవసరం" అనాలా, "ఆవశ్యకత" అనాలా?

జవాబు (వ్యాకరణం తెలిసిన సభ్యుడు)

నమూనా బాగుంది. ఎవరేం చేయాలో ప్రతి వాక్యంలో తెలుస్తోంది. ఒక్క "అవకాశం దొరకలేదు" అన్నచోట మాత్రం కర్త మళ్లీ మాయమయ్యాడు. "అవకాశం టీం లీడర్ ఇవ్వలేదు" అని రాయండి, టీం లీడర్లు చదివే పుస్తకమే కదా.

ఇక ఆవశ్యకత అంటే ఒక విషయం తప్పనిసరి కావడమనే గుణం. "ఈ మార్పు ఆవశ్యకత" అనొచ్చు గానీ, "మూడు ఆవశ్యకతలు రాశాను" అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. అవసరం అంటే వ్యాపారానికి ఉన్న అవసరం అనుకుంటారు, దాన్నుంచి రాసుకున్న షరతు అనుకోరు. అనలిస్టులు నోటితో ఏమంటారో అదే ఉంచండి. రిక్వైర్‌మెంట్.