కిడ్నీ ఇచ్చే దాతకు క్లాంప్‌కు ముందు మానిటాల్: ఉంచాలా, తీసెయ్యాలా?

కర్నూలు_మత్తువైద్యం:
బతికున్న దాత నుంచి కిడ్నీ తీసేటప్పుడు, రక్తనాళాలకు క్లాంప్ (రక్తం ఆపే పట్టకారు) వేసే ముందు మానిటాల్ అనే మూత్రం పెంచే మందు ఎక్కించడం చాలాచోట్ల ఆనవాయితీ. మామూలుగా 12.5 గ్రాములు, అంటే 20 శాతం మందు 62.5 మి.లీ. దీన్ని మానేద్దామనే మాట ఈమధ్య వినబడుతోంది. నేను ఒప్పుకోను. లాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్‌లో) పొట్టలో గ్యాస్ నింపగానే కిడ్నీకి రక్తం తగ్గుతుంది. మానిటాల్ కిడ్నీలోని సన్నని మూత్ర నాళికల్లో వాపు తగ్గించి మూత్రాన్ని నడిపిస్తుంది.

కడప_నెఫ్రో:
అన్నా, మానిటాల్ ఇచ్చినాక మూత్రం రాకుండా ఎట్లుంటుంది? అది మందు పని, కిడ్నీ పని కాదు. కిడ్నీ పుచ్చుకున్నవారి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష అంకె) రోజురోజుకూ ఎంత దిగుతోంది, మొదటి వారంలో డయాలసిస్ అవసరపడిందా, ఈ రెండే లెక్క. బతికున్న దాత కిడ్నీ పెట్టినవారికి డయాలసిస్ అవసరం ఎటూ అరుదు. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో, కిడ్నీలో గడ్డ మాత్రమే కోసి తీసే రోగులకు కొందరికి 12.5 గ్రాముల మానిటాల్, కొందరికి ఉత్త ద్రవం ఇచ్చినారు. ఆరు నెలలకు కిడ్నీ పనితీరులో తేడా లేదు.

కర్నూలు_మత్తువైద్యం:
అక్కడ కిడ్నీ ఒంట్లోనే ఉండిపోయింది సార్. మనది ఐస్‌లోకి వెళ్లి ఇంకొకరి ఒంట్లో అతుక్కోవాలి. దాతకు మందిస్తే ఫలితం ఉంటుందని 2009లో డోపమిన్ (బీపీ నిలపడానికి వాడే మందు) మీద జరిగిన పరిశోధన చూపింది కదా: కిలోకు నిమిషానికి 4 మైక్రోగ్రాములు. మార్పిడి తర్వాత మళ్లీమళ్లీ డయాలసిస్ పడినవాళ్లు 35.4 శాతం నుంచి 24.7కు తగ్గినారు.

కడప_నెఫ్రో:
వాళ్లు బ్రెయిన్ డెడ్ దాతలు. మనం మాట్లాడేది రేపు ఒక్క కిడ్నీతో ఇంటికి పోయే మనిషి గురించి. తనకు ఏ మేలూ చేయని మందు ఆ మనిషి ఒంట్లోకి ఎక్కిస్తున్నాం. ఎక్కించాలంటే మేలు ఉందని ముందు రుజువు కావాల.

అనంతపురం_థియేటర్_సిస్టర్:
సార్లూ, మందు కంటే ముందు నీళ్ల సంగతి చూడండి. మే నెల ఎండలో బస్సులో వచ్చిన దాతను రాత్రంతా నీళ్లు తాగనీకుండా పడుకోబెడితే పొద్దునకు ఒళ్లు ఎండిపోయి ఉంటాది. మత్తుకు రెండు గంటల ముందు వరకు మంచినీళ్లు తాగొచ్చు; చాలా వార్డుల్లో అర్ధరాత్రి నుంచే ఆపేస్తారు. ఎండిన ఒంట్లోకి మానిటాల్ పోతే ఉన్న నీళ్లు కూడా మూత్రంలో పోయి బీపీ పడిపోతాది, అదే కిడ్నీకి దెబ్బ. రింగర్ లాక్టేట్ (నరానికి ఎక్కించే లవణాల ద్రవం) ముందే మొదలుపెట్టాల. పొట్టలో గ్యాస్ ఒత్తిడి 12 మి.మీ. (పాదరసం) దాటనీయకూడదు. ఏసీ చల్లదనానికి మానిటాల్ సీసాలో స్ఫటికాలు కడతాయి. వేడినీళ్లలో పెట్టి కరిగించి, ఒంటి వేడికి చల్లార్చి, ఫిల్టర్ ఉన్న సెట్టుతోనే ఎక్కించాల. కరగకపోతే పారేయాల. నొప్పికి డైక్లోఫెనాక్ సూది రాస్తారు చూడండి, అది కిడ్నీకి చేటు, మానిటాల్ కంటే ముందు దాన్ని ఆపండి.

కర్నూలు_మత్తువైద్యం:
సిస్టర్ చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. నీళ్లు సరిపోయి, బీపీ నిలకడగా ఉన్న దాతకే ఇద్దాం. 62.5 మి.లీ. ఒక్కసారిగా కాకుండా 15 నిమిషాల పైన. మూత్రం పెంచే ఇంకో మందు లాసిక్స్ జోడించొద్దు.

కడప_నెఫ్రో:
అట్లయితే సంతకం తీసుకునే కాగితంలో ఆ మందు పేరు రాయండి, ఎవరి మేలు కోసమో కూడా తెలుగులో రాయండి. దాత వద్దంటే సీసా తెరవొద్దు. మేలు రుజువయ్యేదాకా నేనైతే వద్దనే అంటాను.